రివ్యూలు ముందు, ఆల్బమ్ తర్వాత: ‘మ్యాడ్‌విలనీ’ మీద ఒక ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనకాల వినిపిస్తోందా? మైక్ కొంచెం గరగరమంటోంది గానీ ఈరోజు టాపిక్‌కి అదేం ఇబ్బంది కాదులెండి, మనం మాట్లాడుకోబోయే ఆల్బమ్ నిండా ఆ గరగరే. (నవ్వులు)

ఒక్క ఆల్బమ్ గురించే మాట్లాడతాను. పేరు మ్యాడ్‌విలనీ. 2004 మార్చి 23న అమెరికాలో స్టోన్స్ త్రో అనే చిన్న లేబుల్, అంటే రికార్డు కంపెనీ, నుంచి వచ్చింది. రాప్ చేసింది ఎం.ఎఫ్. డూమ్, బీట్లు, అంటే వెనకాల వచ్చే సంగీతం, కట్టింది మ్యాడ్‌లిబ్, ఇద్దరూ కలిసి పెట్టుకున్న పేరు మ్యాడ్‌విలన్. మొత్తం 22 ట్రాకులు, అన్నీ కలిపితే 46 నిమిషాలు, అంటే సగటున ఒక్కో పాటకి రెండు నిమిషాలు, ఇంకొంచెం. చాలా పాటల్లో హుక్ లేదు, మన భాషలో చెప్పాలంటే పల్లవి లేదు. ఒక చరణం మొదలవుతుంది, అవుతుంది, పాట అయిపోతుంది. అప్పుడే అయిపోయిందా అనుకునేలోపు ఇంకో పాట మొదలైపోయి ఉంటుంది.

ఈ ఆల్బమ్ గురించి ఎవరు మాట్లాడినా ఒక నంబర్ చెప్తారు, రివ్యూల మార్కులన్నీ కలిపి సగటు చెప్పే మెటాక్రిటిక్ సైట్‌లో 20 రివ్యూలు కలిపి నూటికి 93. దాని పక్కనే ఇంకో నంబర్ పెట్టి చూడాలి, అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాల లెక్క చెప్పే బిల్‌బోర్డ్ 200 చార్టులో ఇది ఎక్కిన ఎత్తు 179వ స్థానం. అంతే, అక్కడితో ఆగిపోయింది. అంతకు ముందు ఏడాదే 50 సెంట్ అనే రాపర్ ఆల్బమ్ మొదటి వారంలో 8 లక్షల 72 వేల కాపీలు అమ్ముడైంది, అది గుర్తుపెట్టుకుంటే అండర్‌గ్రౌండ్ అంటే ఎంత కింద అనేది అర్థమవుతుంది. సరే, క్రిటిక్స్ మెచ్చారు, జనం కొనలేదు, ఇది మనం వేరే వంద విషయాల్లో విన్న కథే, అంతే అయితే నేను ఇక్కడికి వచ్చి మాట్లాడక్కర్లేదు. నాకు ఇంట్రెస్టింగ్‌గా అనిపించేది వేరే. ఈ ఆల్బమ్ మీద తీర్పు, ఆల్బమ్ రాకముందే వచ్చేసింది, 14 నెలల ముందు. ఆ తీర్పు ఆల్బమ్‌ని మార్చేసింది కూడా. మనం ఇవాళ వింటున్న రికార్డు, ఒక రకంగా, శ్రోతలకి డూమ్ ఇచ్చిన జవాబు. ఆ కోణంలోంచి చూద్దాం.

దానికి ముందు డూమ్‌కీ విమర్శకులకీ ఉన్న పాత లెక్క ఒకటి చెప్పాలి, అది తెలియకపోతే ఆయన మొహానికి వేసుకునే మాస్కు ఏదో గిమ్మిక్ అనిపిస్తుంది.

ఆయన అసలు పేరు డేనియల్ డుమిలే. పుట్టింది లండన్‌లో, 1971లో, పెరిగింది న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో. అప్పట్లో పేరు జెవ్ లవ్ ఎక్స్, మొహం మీద మాస్కు గీస్కు ఏం లేదు, తమ్ముడు డీజే సబ్‌రాక్‌తో కలిసి కె.ఎం.డి. అనే గ్రూపు పెట్టాడు, 1991లో ఎలెక్ట్రా అనే పెద్ద లేబుల్ నుంచి మిస్టర్ హుడ్ అనే మొదటి ఆల్బమ్ వచ్చింది, సరదాగా ఉంటుంది, కుర్రాళ్ల అల్లరి. రెండో ఆల్బమ్ బ్లాక్ బాస్టర్డ్స్ పని దగ్గర పడుతున్న టైంలో, 1993 ఏప్రిల్‌లో, సబ్‌రాక్ హైవే దాటుతూ కారు గుద్ది చనిపోయాడు. అన్న ఒక్కడే కూర్చుని ఆల్బమ్ పూర్తి చేశాడు. కవర్ బొమ్మ తనే గీశాడు. నల్లవాళ్లని వెక్కిరించడానికి తెల్లవాళ్లు తరాలుగా వాడిన సాంబో బొమ్మ ఉంటుంది కదా, దాన్ని ఉరి తీస్తున్నట్టు. అంటే ఆ మూస బొమ్మని చంపేస్తున్నాం అని. స్పష్టంగానే ఉంది కదా? కానీ బిల్‌బోర్డ్ పత్రికలో ఒక కాలమ్‌లో ఆ కవర్ మీద అభ్యంతరం వచ్చింది, జాత్యహంకారపు బొమ్మ అని. 1994లో ఎలెక్ట్రా భయపడి ఆల్బమ్‌ని ఆపేసి గ్రూపునే వదిలించుకుంది. అది సరిగ్గా బయటికి రావడానికి ఆరేడేళ్లు పట్టింది, ఈలోపు దొంగ కాపీలు చేతులు మారుతూ తిరిగాయి.

ఇక్కడ ఒక్కసారి ఆగండి. తమ్ముడు పోయాడు, ఏడాదికి ఆల్బమ్ పోయింది, అది కూడా పాటలు బాలేవని ఎవరో అన్నందుకు కాదు, బొమ్మని తప్పుగా చదివినందుకు. పాట విననక్కర్లేకుండానే, అట్ట చూసి ఇచ్చిన తీర్పు ఒక మనిషి కెరీర్‌ని ఆపేసింది. ఆ తర్వాత కొన్నేళ్లు ఆయన దాదాపు కనిపించలేదు. మళ్లీ 1997, 98 ప్రాంతంలో న్యూయార్క్‌లో న్యూయోరికన్ పోయెట్స్ కెఫేలో ఓపెన్ మైక్ రాత్రుల్లో తేలాడు, మొహానికి ఆడవాళ్ల మేజోడు తొడుక్కుని. అది తర్వాత ఇనుప మాస్కు అయింది, మార్వెల్ కామిక్స్‌లో డాక్టర్ డూమ్ అనే విలన్‌ది. ఎం.ఎఫ్. అంటే మెటల్ ఫేస్. 1999లో రేడియో హోస్ట్ బాబిటో గార్సియా నడిపే ఫాండిల్ ఎమ్ అనే బుల్లి లేబుల్ మీద ఆపరేషన్ డూమ్స్‌డే వచ్చింది. అప్పట్నుంచి ఆయన పెట్టిన షరతు ఒకటే, మొహం చూడొద్దు, విను. కాబట్టి మాస్కు గురించే పేజీలు పేజీలు రాసే రివ్యూలు చూసినప్పుడు నాకు కొంచెం నవ్వొస్తుంది. చూడొద్దని పెట్టుకున్నదాన్నే అందరూ చూస్తున్నారు.

ఇంక మ్యాడ్‌లిబ్. ఓటిస్ జాక్సన్ జూనియర్, కాలిఫోర్నియాలో ఆక్స్‌నార్డ్ అనే ఊరు. ఇంట్లో సంగీతమే, నాన్న గాయకుడు, మేనమామ జాన్ ఫ్యాడిస్ జాజ్ ట్రంపెట్‌లో పెద్ద పేరు. ఈయన మాత్రం మనుషులకంటే రికార్డులతో ఎక్కువ టైం గడిపే రకం. 2000లో క్వాసిమోటో అనే పేరుతో, తన గొంతునే పిచ్ పెంచి కార్టూన్ గొంతులా చేసి, ది అన్‌సీన్ అని ఆల్బమ్ చేశాడు. 2003లో బ్లూ నోట్ అనే మహా జాజ్ లేబుల్ వాళ్లు తమ గోడౌన్ తలుపులు తీసి ఇచ్చారు, ఆ పాత రికార్డుల్లోంచి షేడ్స్ ఆఫ్ బ్లూ వచ్చింది. మన ఆడియన్స్‌కి ఒక మాట, 2007లో ఇదే మనిషి బీట్ కండక్టా ఇన్ ఇండియా అని పూర్తిగా మన దేశపు సినిమా రికార్డుల ముక్కలతో ఒక ఆల్బమ్ చేశాడు, వినకపోతే వినండి, మన పాత పాటల ఇంటర్‌లూడ్లు ఎంత పిచ్చిగా ఉంటాయో మనకే కొత్తగా తెలుస్తుంది.

ఈయన లాస్ ఏంజెలిస్ టైమ్స్‌కి ఇచ్చిన ఇంటర్వ్యూలో, ఇద్దరితో పనిచేయాలనుంది అన్నాడు, ఒకరు జే డిల్లా అనే బీట్ల మాస్టారు, ఇంకొకరు డూమ్. డూమ్ అప్పుడు జార్జియాలో ఉంటున్నాడు, మ్యాడ్‌లిబ్ పేరు పెద్దగా విన్నది కూడా లేదు. లేబుల్ తరఫున పనులు చూసే ఈగన్ అనే ఆయన తెలిసినవాళ్ల ద్వారా బీట్లు పంపించాడు, అవి విని డూమ్ వచ్చేశాడు. వాళ్లు చెప్పుకునే కథల్లో నాకు బాగా నచ్చింది కాంట్రాక్టు సంగతి, దాన్ని ఒక పేపర్ ప్లేటు మీద రాసుకున్నారట. భోజనం చేసే పేపర్ ప్లేటు. లేబుల్ దగ్గర డబ్బులు అంత ఉన్నాయన్నమాట. లాస్ ఏంజెలిస్‌లో మౌంట్ వాషింగ్టన్ కొండ మీద లేబుల్ వాళ్లంతా కలిసి ఉండే ఇల్లు, ఆ ఇంటి కింద పాతకాలం బాంబు షెల్టర్, అదే మ్యాడ్‌లిబ్ స్టూడియో. ఈయన కింద బీట్లు చేస్తుంటాడు, ఆయన పైన కూర్చుని రాస్తుంటాడు, ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కూడా కాదంటారు. బీట్ పైకి వెళ్లేది, పాట కిందకి వచ్చేది.

2002 చివర్లో మ్యాడ్‌లిబ్ బ్రెజిల్ వెళ్లాడు, సావో పాలోలో ఒక మ్యూజిక్ అకాడమీ కార్యక్రమానికి. అక్కడ పాత రికార్డు షాపుల మీద పడి కొనేసి, హోటల్ రూంలోనే బీట్లు చేశాడు. సామాన్లు ఏంటంటే ఒక పోర్టబుల్ టర్న్‌టేబుల్, బాస్ ఎస్‌పీ-303 అనే చిన్న శాంప్లర్ (పాత పాటల ముక్కలు, అంటే శాంపిల్స్, కత్తిరించి వాయించే మెషిన్), ఒక క్యాసెట్ డెక్. అంతే. ఈ ఆల్బమ్‌లో స్ట్రేంజ్ వేస్, రెయిడ్, రైన్‌స్టోన్ కౌబాయ్ అలా పుట్టినవే. అందుకే ఆ సౌండ్‌లో ఒక మసక ఉంటుంది, దుమ్ము ఉంటుంది, ఎక్కడో పక్క గదిలోంచి వస్తున్నట్టు. తర్వాత ‘లో-ఫై’ అని చెప్పి వేలమంది ఆ దుమ్ముని బటన్ నొక్కి తెప్పించుకోవడం మొదలుపెట్టారు, దాని గురించి నేను ఎక్కువ మాట్లాడను, బీపీ పెరుగుతుంది. (నవ్వులు)

సరిగ్గా ఆ బ్రెజిల్ ట్రిప్‌లోనే దెబ్బ తగిలింది. పూర్తికాని డెమో ఎవరో కొట్టేశారు, అది ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. వంట సగంలో ఉండగా ఎవరో మూత తీసి ఊరందరికీ గరిటెతో రుచి చూపించినట్టు. అది 2002, 2003 నాటి ఇంటర్నెట్ అని మర్చిపోకండి, ఫైల్ షేరింగ్ జోరుగా ఉన్న రోజులు, రికార్డు కంపెనీలన్నీ గుండెలు బాదుకుంటున్న రోజులు. పెద్ద కంపెనీ అయితే తట్టుకుంటుంది, పేపర్ ప్లేటు మీద కాంట్రాక్టు రాసుకునే కంపెనీకి ఎలా ఉంటుంది? వినాలనుకునేవాళ్లంతా ఫ్రీగా వినేశాక ఇంకెవరు కొంటారు?

ఇద్దరికీ విసుగొచ్చి దాన్ని పక్కన పడేశారు. పక్కన పడేసి ఏం చేశారో చూడండి, ఇది నాకు ఎప్పుడు తలచుకున్నా నమ్మబుద్ధి కాదు. 2003 ఒక్క ఏడాదిలోనే డూమ్ కింగ్ గిడోరా పేరుతో ఒక ఆల్బమ్, విక్టర్ వాన్ పేరుతో ఇంకో ఆల్బమ్ వదిలాడు, మ్యాడ్‌లిబ్ వెళ్లి తను కోరుకున్న రెండో మనిషి జే డిల్లాతో కలిసి జేలిబ్ పేరుతో ఛాంపియన్ సౌండ్ చేశాడు. అవి చేసుకుని, కోపం చల్లారాక, మళ్లీ దీని దగ్గరికి వచ్చారు.

వచ్చి ఏం చేశారు? బీట్లు కొన్ని అటూ ఇటూ అయ్యాయి, అది సరే. అసలు మార్పు గొంతులో ఉంది. లీకైన డెమోలో డూమ్ గొంతు పైస్థాయిలో ఉంటుంది, ఉత్సాహంగా, ఎదురుగా నిలబడి దబాయిస్తున్నట్టు, 90ల న్యూయార్క్ రాపర్లలాగే. ఫైనల్‌లో చాలాచోట్ల మళ్లీ కొత్తగా రికార్డ్ చేశాడు, అవే లైన్లు, కానీ గొంతు కిందకి దించి, నింపాదిగా, వినేవాడితో సంబంధం లేనట్టు, సోఫాలో జారగిలపడి తనలో తను గొణుక్కుంటున్నట్టు. డెమోకి అలవాటు పడ్డవాళ్లు గొడవ పెట్టారు, పాతదే బాగుంది, ఇందులో ఊపు లేదు, ఎందుకు పాడు చేశారు అని. అంటే ఆల్బమ్ షాపుకి వచ్చిన రోజుకే దానికి ఒక పాత అభిమాని వర్గం, ఒక అసంతృప్త వర్గం రెండూ రెడీగా ఉన్నాయి.

నేనంటాను, ఆ గొంతే ఈ ఆల్బమ్. లీక్ కాకపోతే ఆ గొంతు ఇలా ఉండేది కాదేమో. అందరూ వినేసిన మాటల్నే మళ్లీ చెప్పాల్సొచ్చినప్పుడు మనిషి ఏం చేస్తాడు, ఇంకా గట్టిగా అరుస్తాడు, లేదా నేనేమీ రుజువు చేయక్కర్లేదులే అని తగ్గిస్తాడు. ఈయన తగ్గించాడు. తగ్గించగానే రెండు జరిగాయి. ఒకటి, ఆ మసక బీట్ల మీద ఈ గొంతు అతుక్కుపోయింది, గొంతు కూడా ఇంకో శాంపిల్ లాగా అయిపోయింది. రెండు, జోకులు పేలడానికి టైం పట్టడం మొదలైంది. సీరియస్ మొహంతో చెప్పిన జోకు అరనిమిషం ఆగి తగులుతుంది చూడండి, అలా.

ఇప్పుడు రివ్యూలకి వద్దాం. 2004 మొదటి నెలల్లో హిప్ హాప్ వాతావరణం ఎలా ఉందంటే, అంతకు ముందు నవంబర్‌లో పెద్ద రాపర్ జే-జెడ్ బ్లాక్ ఆల్బమ్ ఇచ్చి రిటైర్ అంటున్నాడు, ఫిబ్రవరిలో కాన్యే వెస్ట్ కాలేజ్ డ్రాపౌట్ వచ్చింది, అదే నెలలో డేంజర్ మౌస్ అనే ప్రొడ్యూసర్ జే-జెడ్ మాటల్నీ బీటిల్స్ సంగీతాన్నీ కలిపిన గ్రే ఆల్బమ్ మీద లాయర్లు నోటీసులు పంపుతున్నారు. ఆ మధ్యలో ఇది దిగింది. పిచ్‌ఫోర్క్ అనే మ్యూజిక్ రివ్యూల సైట్ 10కి 9.4 ఇచ్చింది. అది రాసింది రోలీ పెంబర్టన్, అప్పటికి 18 ఏళ్ల కుర్రాడు, కెనడా ఎడ్మంటన్ వాడు, తర్వాత తనే కేడెన్స్ వెపన్ పేరుతో రాపర్ అయ్యాడు, 2021లో కెనడాలో ఆల్బమ్‌లకిచ్చే పొలారిస్ ప్రైజ్ కూడా కొట్టాడు. విలేజ్ వాయిస్‌లో రాబర్ట్ క్రిస్ట్‌గావ్, గ్రేడ్లు ఇవ్వడంలో పిసినారి మాస్టారు, ‘ఏ మైనస్’ గ్రేడు ఇచ్చాడు. న్యూయార్కర్‌లో సాషా ఫ్రియర్-జోన్స్ రాశాడు, న్యూయార్కర్ అంటే రాప్ వినేవాళ్లు చదివే పత్రిక కాదు, దాన్ని చదివేవాళ్లలో చాలామందికి ఆ పేరు వినడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

అందరూ మెచ్చారు కదా, ఇంక గొడవేంటి అంటారా. గొడవ మెచ్చుకున్న తీరులో ఉంది. ఆ రోజుల్లో అండర్‌గ్రౌండ్ రాప్‌ని పొగిడే మాటల్లో చాలావాటి వెనక ఒక దెప్పు ఉండేది, చూశారా, ఇందులో నగల్లేవు, తుపాకుల్లేవు, కార్లు లేవు, ఇదీ అసలు కళ అంటే, అని. అంటే రేడియోలో వచ్చే రాప్‌ని కొట్టడానికి ఈ ఆల్బమ్‌ని కర్రలా వాడుకోవడం. రాక్ వినేవాళ్లకి ఒక పర్మిషన్ లెటర్ లాగా కూడా అయింది, నాకు రాప్ పడదు గానీ డూమ్ అంటే ఇష్టం అనే రకం ఒకరు మీ ఫ్రెండ్స్‌లో కూడా ఉండే ఉంటారు. (నవ్వులు) ఉన్నారా, చూసుకోండి. కానీ పాటలు వినండి, డూమ్‌కి రాప్ మీద చిరాకు లేదు, రాప్ మీద పిచ్చి ప్రేమ. గొప్పలు చెప్పుకోవడం, ఎదుటివాడిని ఎగతాళి చేయడం, మందు, తిండి, అమ్మాయిలు, అన్నీ ఉన్నాయి, అమెరికాస్ మోస్ట్ బ్లంటెడ్ అనే పాట మొత్తం గంజాయి మీదే. ఆయన ఈ సంప్రదాయానికి బయట నిలబడి విమర్శించలేదు, లోపలే కూర్చుని వేళాకోళం చేశాడు. రెండిటికీ చాలా తేడా.

ఇంకో సంగతి, విచిత్రం, విచిత్రం అంటూ అందరూ ఒకే మాట పట్టుకోవడం వల్ల కొన్ని పాటలకి అన్యాయం జరిగిందని నా అభిప్రాయం. స్ట్రేంజ్ వేస్ తీసుకోండి. జెంటిల్ జెయింట్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ పాట ముక్క మీద కట్టిన పాట, రెండు నిమిషాల లోపే అయిపోతుంది, అందులో వీధిలో పోలీసులూ కుర్రాళ్లూ, తర్వాత యుద్ధానికి వెళ్లే కుర్రాళ్లు. ఇరాక్ యుద్ధం మొదలై సరిగ్గా ఏడాది అయిన టైంకి వచ్చిన పాట అది. కార్టూన్ విలన్ వేషంలో ఉన్నవాడు ఇంత సూటిగా మాట్లాడతాడా అని ఎవరూ అనుకోరు, అందుకే చెవి పక్కనుంచి వెళ్లిపోతుంది. ఫ్యాన్సీ క్లౌన్ ఇంకో రకం. అందులో రాపర్ పేరు విక్టర్ వాన్ అని వేశారు, అంటే డూమే, కానీ ఇంకో పాత్ర. వాన్ తన గర్ల్‌ఫ్రెండ్ మీద మండిపడుతుంటాడు, నన్ను మోసం చేసి ఇంకొకడితో తిరుగుతున్నావని. ఆ ఇంకొకడెవరంటే మొహానికి ఇనుము తొడుక్కున్నవాడు, డూమ్! తనే మోసపోయాడు, తనే మోసం చేశాడు, తననే తిట్టుకుంటున్నాడు. ఒక్క నటుడు డబుల్ రోల్ చేస్తే చొక్కా మార్చి చూపించే సినిమాలు చూసి పెరిగిన మనకి ఇది అర్థం కావడం ఏమంత కష్టం కాదు.

ప్రాస గురించి కాసేపు. ఇది టెక్నికల్ విషయం, ఓపిక పట్టండి, ఇక్కడే అసలు రుచి ఉంది. రాప్ అంటే లైన్ చివర మాటలు కలవడం అని చాలామంది అనుకుంటారు. మన పద్యం కాస్త చదివినవాళ్లకి తెలుసు, ప్రాస చివర్లోనే ఉండాలన్న రూలేం లేదు, మనకైతే పాదంలో రెండో అక్షరం ప్రాస, పాదం మధ్యలో యతి, అంత్యప్రాస అనేది వేరే అలంకారం. అంటే లైన్ లోపల శబ్దం ఎక్కడెక్కడ తగలాలో వినడానికి మన చెవికి ట్రైనింగ్ ఉంది. డూమ్ చేసేది ఆ రకంగా వినండి. ఆయన ఒక మాటకి ఒక మాట కలపడు, ఒక లైన్‌లో ఐదారు అక్షరాల గుంపు తీసుకుని, తర్వాతి లైన్‌లో వేరే మాటలతో అదే అచ్చుల వరుస మళ్లీ పేరుస్తాడు, అలా నాలుగు, ఐదు లైన్లు ఒకే వరుస మీద లాగుతాడు. ఫిగరో అనే పాటలో అది పరాకాష్ఠ, లైన్ చివరే కాదు, మొదలూ మధ్యా కూడా మోగుతూ ఉంటాయి. ఇంకోటి, ప్రాస కోసం వచ్చే మాట ఏదో మనం ఊహించేస్తాం, ఆయన కావాలనే అది మింగేసి ఇంకోటి వేస్తాడు, మనమే లోపల ఆ మాట అనుకుని నవ్వుకుంటాం. ఈ పని మొదటి వినికిడిలో పట్టుబడదు. అందుకే రిలీజ్ వారంలో రాసిన రివ్యూల్లో బీట్ల గురించి వివరంగా ఉండి, మాటల గురించి వింతగా ఉంది, చమత్కారంగా ఉంది అనే మాటలతో సరిపెట్టేయడం ఎక్కువ కనిపిస్తుంది. పాపం వాళ్ల తప్పు కాదు, డెడ్‌లైన్ ఉంటుంది.

హుక్ లేకపోవడం గురించి ఒక్క ముక్క. హుక్ లేకపోతే రేడియో వేయదు, సింపుల్. రేడియో ఎలాగూ వేయదని తెలిసినవాడికి ఆ స్వేచ్ఛ ఉంటుంది. అయితే దీనివల్ల ఆల్బమ్ మొత్తం ఒకే ఊపిరిలో పోతుంది, మధ్యలో పాత సినిమా విలన్ల గురించి చెప్పే గొంతు ముక్కలు, సిక్‌ఫిట్ లాంటి మాటల్లేని ట్రాకు, ఇంకోచోట జాజ్ సంగీతకారుడు సన్ రా మాటలు, ఇలా అతుకులు కనిపిస్తూనే ఉంటాయి, కామిక్ పుస్తకం పేజీలు తిప్పుతున్న ఫీలింగ్. అట్ట మాత్రం కామిక్ కాదు, ఎరిక్ కోల్‌మన్ తీసిన నలుపు తెలుపు ఫొటో, మాస్కు వేసుకున్న మొహం దగ్గరగా, మూలన చిన్న నారింజ రంగు చతురస్రం. డిజైన్ చేసిన జెఫ్ జ్యాంక్ దాన్ని మడొన్నా మొదటి ఆల్బమ్ అట్టతో పోల్చి చెప్పాడు. పక్కపక్కన పెట్టి చూడండి, నిజమే అనిపిస్తుంది, నవ్వాగదు.

తర్వాత ఏమైంది అంటే, లిస్టులు పెరిగాయి. 2013లో బ్రిటిష్ మ్యూజిక్ పత్రిక ఎన్ఎంఈ 500 గొప్ప ఆల్బమ్‌ల లిస్టులో 411, 2020లో రోలింగ్ స్టోన్ 500 లిస్టులో 365. లిస్టుల మీద నాకు పెద్ద గౌరవం లేదు గానీ ఒకటి గమనించండి, 179 దాటని రికార్డు ఇది, ఆ ఏడాది చార్టుల్లో దీనికంటే పైన ఉన్నవాటిలో ఎన్ని ఇవాళ ఎవరికైనా గుర్తున్నాయి? లిస్టులకంటే నాకు నచ్చే సాక్ష్యం తోటి రాపర్లది. మోస్ డెఫ్ ఒక వీడియోలో డూమ్ లైన్లు వరుసగా అప్పజెప్పి, ఈ ఆల్బమ్ వినైల్ కొన్నాను, నా దగ్గర రికార్డ్ ప్లేయర్ లేదు, ఊరికే చూస్తూ కూర్చోడానికి కొన్నాను అంటాడు. తర్వాత వచ్చిన రాపర్ అర్ల్ స్వెట్‌షర్ట్‌ని వింటే ఆ కింది స్థాయి గొంతు, ఆ నింపాది, ఆ పల్లవి లేకపోవడం, ఎక్కణ్నుంచి వచ్చాయో చెప్పక్కర్లేదు. అంటే చూడండి, 2004లో ఊపు లేదని డెమో అభిమానులు తిట్టిన గొంతే తర్వాతి తరానికి పాఠం అయింది.

డూమ్ 2020 అక్టోబర్ 31న ఇంగ్లండ్‌లో చనిపోయాడు, వయసు 49. ఇంట్లోవాళ్లు ఆ సంగతి డిసెంబర్ 31 దాకా బయటపెట్టలేదు. ఆ తర్వాత వచ్చిన వ్యాసాల్లో ఎక్కువ ఈ ఆల్బమ్ చుట్టూనే తిరిగాయి. నాకు చిన్న కంప్లైంట్ ఉంది, బ్లాక్ బాస్టర్డ్స్ ఇంకా ఎక్కువమంది వినాలి. సరే, ప్రశ్నలు ఏవైనా ఉంటే అడగండి.

ప్రశ్న: అన్నా, డెమో కూడా విన్నావు కదా, నిజం చెప్పు, ఏది బాగుంది?

నిజమే చెప్తా. రెండు మూడు పాటల్లో డెమోలో ఉన్న ఆకలి నాకు ఇష్టం, అది కాదనను. ముఖ్యంగా ఫిగరోలో ఆ స్పీడ్ వింటే లేచి నిలబడాలనిపిస్తుంది. కానీ మొత్తం 46 నిమిషాలు ఆ గొంతుతో వింటే అలసిపోతాం తమ్ముడూ. ఫైనల్ అయితే అయిపోయిన వెంటనే మళ్లీ మొదట్నుంచి పెట్టొచ్చు, నేనైతే పెడతాను.

ప్రశ్న: సార్, రెండో భాగం వస్తుందని చాలా ఏళ్లు అన్నారు కదా, ఏమైంది?

అవునమ్మా, అన్నారు. ఇద్దరూ ఇంటర్వ్యూల్లో అవుతోంది, అవుతోంది అంటూ వచ్చారు, ఫ్యాన్స్ ఏళ్ల తరబడి ఎదురు చూశారు. 2008లో మ్యాడ్‌విలనీ 2 అనే పేరుతోనే ఒకటి వచ్చింది గానీ అది కొత్త ఆల్బమ్ కాదు, పాత మాటల మీదే మ్యాడ్‌లిబ్ కొత్త బీట్లు పెట్టి చేసిన రీమిక్స్. నాకైతే అది ఎక్కలేదు, కానీ ఒక పనికి మాత్రం పనికొస్తుంది. అవే మాటలు వేరే బీట్ మీద వింటే, మొదటి ఆల్బమ్‌లో ఆ గొంతూ ఆ బీటూ ఎంత ఒరుసుకుని కూర్చున్నాయో తెలుస్తుంది.

ప్రశ్న: నేను రాప్ అసలు వినను. ఎక్కడ మొదలుపెట్టాలి?

మంచి ప్రశ్న. అకార్డియన్ అనే పాట పెట్టండి, రెండో ట్రాకు, రెండు నిమిషాలే, మాటలు అర్థం కాకపోయినా ఆ అకార్డియన్ మోత మీ తలలో తిరుగుతుంది. తర్వాత కర్ల్స్, అందులో మ్యాడ్‌లిబ్ బ్రెజిల్ పియానిస్టు వాల్దిర్ కల్మోన్ రికార్డు వాడాడు, మెత్తగా ఉంటుంది. ఆ తర్వాత ఆల్ క్యాప్స్, దానికి యానిమేషన్ వీడియో ఉంది, కామిక్ పేజీలు కదిలినట్టు. ఈ మూడూ నచ్చితే మొదటి ట్రాకు నుంచి వరుసగా వినండి, షఫుల్ మాత్రం ఆపేయండి. లిరిక్స్ పక్కన తెరిచి పెట్టుకుని వినడం రెండోసారికి ఉంచుకోండి, మొదటిసారి వద్దు.

టైం అయిపోయిందంటున్నారు, హాల్ ఇంకొకరికి ఇవ్వాలట. మిగతా ప్రశ్నలుంటే బయట మాట్లాడుకుందాం, స్పీకర్ తెచ్చాను.